జూహీకి ఒక గెలుపు

గన్నవరంలో దిగేసరికి వాన. విమానం తోక తలుపు తెరిచారు. ముందు జూహీ పెట్టె దించాం, తర్వాత సామాన్లు, చివర మేము. డాగ్ టీమ్ అంటే నలుగురం: సుబేదార్ సాబ్, వైర్‌లెస్ ఆపరేటర్, నర్సింగ్ అసిస్టెంట్, నేను. జూహీ నల్ల లాబ్రడార్. దాన్ని నడిపించడం నా పని.

నేను వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టువాళ్ళ పిల్లాణ్ణి. గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం తప్పించుకుందామని సైన్యంలో చేరాను. దేశమంతా తిప్పి, చివరికి మా కొట్టుకు నాలుగు సందుల అవతల డ్యూటీ వేశారు. దేవుడు నాకన్నా గట్టి బేరగాడు.

ట్రక్కు ఎక్కుతుండగానే రేడియోలో ఆర్డరు వచ్చింది. "మిర్చి గోడౌన్. మూడంతస్తులు. కూలింది. లోపల ఎందరో తెలీదు. కుక్కను నేరుగా పంపండి."

సందులోకి ట్రక్కు పట్టలేదు. మెయిన్ రోడ్డు మీద దిగి నడిచాం. స్లాబులు ఒకదాని మీద ఒకటి, కొట్టులో పేర్చిన పళ్ళేల్లా పడి ఉన్నాయి. మధ్యలో పగిలిన బస్తాలు. తడిసినచోట మిర్చి ముద్దయింది, తడవనిచోట పొడి లేస్తోంది. అందరికీ దగ్గు. జూహీ ముక్కును తడిగుడ్డతో మాటిమాటికీ తుడవాల్సి వచ్చింది.

కుక్క విశ్వాసంతో పనిచేస్తుందని మీరంతా అనుకుంటారు. ట్రైనింగులో చేరిన కొత్తలో నేనూ అనుకున్నాను. సుబేదార్ సాబ్ నవ్వారు. "అది దేశం కోసం చెయ్యదు. నీ కోసం అసలే చెయ్యదు. బంతి కోసం చేస్తుంది."

తాడు కట్టిన రబ్బరు బంతి. ఒక మనిషి గోతిలో దాక్కుంటాడు. కుక్క వాసన పట్టి మొరిగితే గోతిలోంచి బంతి వస్తుంది, మనిషీ వస్తాడు, ఇద్దరూ తాడు పట్టుకుని లాగుతారు. మధ్యమధ్య కుక్కను గెలవనివ్వాలి. దానికింకా ఆడాలని ఉండగానే ఆపాలి. కొట్టడం, కసరడం ఉండవు. మొదట్లో జూహీ మీదపడి గీరేది, బూట్లు కొరికేది. కొరికినప్పుడల్లా బంతి నా జేబులోకి పోయేది. బుద్ధిగా కూర్చుంటే బయటికి వచ్చేది. కొద్ది రోజుల్లోనే దానికి లెక్క అర్థమైంది. మా నాన్న బేరమూ ఇదే. కొన్నవాడు గెలిచాననుకుంటూ మెట్లు దిగాలి, అప్పుడే మళ్ళీ ఎక్కుతాడు. ఏ చదువు నుంచి పారిపోయానో అదే యూనిఫారం వేసుకుని మళ్ళీ చదివాను.

టీమ్‌లో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. జనంతో మాట్లాడే పనీ నా మీదే పడింది. తాడు కట్టిన హద్దు దగ్గర మెడలో టేపుతోనే ఒకాయన నిలబడి ఉన్నాడు. పేరు సుభానీ, పక్క సందులో టైలర్.

"మా ఆవిడండీ, రజియా. మిరపకాయల తొడిమలు తీసే పనికొచ్చింది. షట్టరు పక్కనే కూర్చుంటదండీ, గాలి తగులుద్దని."

నాకు తెలిసింది చెప్పాను. ఈ కుక్క ఊపిరి ఉన్నవాళ్ళనే వెతుకుతుంది, మొరిగిందంటే కింద ప్రాణం ఉన్నట్టే, అయితే చుట్టూ నిశ్శబ్దంగా ఉండాలి. ఆయన తలూపాడు. ఆ క్షణం నుంచి సందు ఆయన అధీనంలోకి పోయింది. ఆటోలను వెనక్కి పంపాడు, ఫోన్లు ఆపించాడు, ఏడ్చేవాళ్ళను కూడా కాస్త దూరం తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఎవరో ఆయన ఈడువాడు, "ఏరా సుభానీ, నువ్వెప్పుడయ్యావు ఆఫీసరువి?" అన్నాడు. "ఇవాళే అయ్యాన్రా. నోరు ముయ్యి," అన్నాడు.

ఆ రోజు జూహీ ఎక్కడా మొరగలేదు.

మర్నాటికి వాన ఆగింది, ఉక్క మొదలైంది. కట్టర్లతో స్లాబు కోసి ఇద్దరిని తీశారు. ఇద్దరిలోనూ ప్రాణం లేదు, ఇద్దరూ మగవాళ్ళే. శిథిలాల్లోని ప్రతి సందులోనూ జూహీ తల దూర్చి ఊరికే వచ్చేది. మధ్యాహ్నానికి స్లాబు మీద పడుకుంది. బంతి చూపించినా లేవలేదు. నర్సింగ్ అసిస్టెంట్ దాని కళ్ళు కడిగి, ముక్కు చూసి, "ఒంట్లో బానే ఉంది, మనసే బాలేదు," అన్నాడు.

సుబేదార్ సాబ్ కాసేపు చూశారు. "ఓడిపోయింది. దానికొక గెలుపు ఇవ్వండి."

ఇది మా వాళ్ళ పద్ధతి. ఎంత వెతికినా బతికినవాళ్ళు దొరక్కపోతే కుక్క ఆట మీద నమ్మకం పోగొట్టుకుంటుంది. ఇంకెక్కడో ఒకరు ఊపిరితో ఉన్నా పట్టించుకోదు. అందుకే మాలో ఒకరం దాక్కుని దాన్ని గెలిపిస్తాం. మామూలుగా దూరంగా ఏదో మైదానానికి తీసుకెళ్ళి చేస్తాం. ఇక్కడ మైదానమెక్కడిది? చుట్టూ వాన నీళ్ళు, సందులు. గోడౌన్ వెనకవైపు, కూలిన మెట్ల కింద ఒక ఖాళీ ఉంది. జనమంతా ముందువైపు ఉన్నారు. అదే చాలనుకున్నాం.

ఆపరేటర్ లోపలికి దూరాడు. రేడియోలో వాడి గొంతు సన్నగా వచ్చింది. "రెడీ. తుమ్మొస్తోంది. తొందరగా పంపు."

జూహీని వదిలాను. మొదట నడిచింది. తర్వాత తోక లేచింది. మెట్ల దగ్గర ఆగి మొరిగింది. మళ్ళీ మొరిగింది. ఆపకుండా మొరిగింది.

అప్పుడు నా డ్యూటీ సంతోషించడం. దొంగ సంతోషాన్ని కుక్క ఇట్టే పట్టేస్తుంది, కాబట్టి నిజంగానే సంతోషించాలి. "శభాష్ జూహీ, శభాష్ నా తల్లీ," అంటూ బంతి విసిరాను, తాడు లాగాను, నవ్వాను. వచ్చిన దగ్గర్నుంచి అదే మొదటి నవ్వు.

అటువైపు సందు నిశ్శబ్దంగా ఉంది. సుభానీయే ఉంచాడు. జూహీ మొరిగిన ప్రతిసారీ అక్కడికి వినపడింది.

హద్దు తాడు దాటి, పక్కగోడ సందులోంచి, చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. నా నవ్వు చూశాడు. తనూ నవ్వాడు.

"ఉంది కదండీ? షట్టరు దగ్గర కాదు, మెట్ల కిందికొచ్చేసింది. తెలివైందండీ ఆవిడ."

"ఆగండి సుభానీ గారూ" అనేలోపే ఆ ఖాళీలోంచి ఒక చెయ్యి పట్టు కోసం తడుముకుంటూ బయటికి వచ్చింది. మోచేతిదాకా ఎర్రటి కారం. సుభానీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగాడు.

ఆ సాయంత్రం జూహీ హుషారుగా గోడౌనంతా వెతికింది. ఎక్కడా మొరగలేదు. రజియాను మర్నాడు తీశారు. షట్టరు పక్కనే, ఆయన చెప్పిన చోటే ఉంది.

ఆమెను తీసుకెళ్ళే ముందు సుభానీ నా దగ్గరికి వచ్చాడు. నిన్నటిది ఆటేనా అని అడిగాడు. కుక్క కోసం అన్నాను.

"దాని మనసు కూడా చూసుకోవాలి లెండి," అన్నాడు.

ఆ మాటలో వెటకారం కోసం వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

వచ్చిన దారినే గన్నవరం నుంచి వెళ్ళిపోయాం. మా వాళ్ళు పనిని మెచ్చుకున్నారు. డాగ్ టీమ్ రిపోర్టులో ప్రాణాలతో దొరికినవాళ్ళు లేరు.

ఇప్పుడు సర్వీసు అయిపోయి పటమటలో ఉంటున్నాను. సోఫాలు చింపే కుక్కలకు, అతిథుల మీదకు దూకే కుక్కలకు ఆటలతో బుద్ధి నేర్పి బతుకుతున్నాను. తాడు లాగుడు నేర్పుతాను, బంతి తెచ్చివ్వడం, అడిగితే వదిలెయ్యడం నేర్పుతాను. మనిషి దాక్కుంటే వెతికిపట్టే ఆట నేర్పమని పిల్లలున్న ఇళ్ళలో అడుగుతారు. ఆ సరుకు లేదండీ అంటాను. సైన్యంలో చేసి ఆ మాత్రం రాదా అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఆ రోజు సుభానీ లాగితే ఆపరేటర్ మెట్ల కిందినుంచి నడుందాకా బయటికి వచ్చాడు. తల నుంచి ఛాతీ దాకా ఎర్రటి పొడి, మొహం ఎవరిదో తెలియదు. మంటకు కళ్ళు బిగించి దగ్గుతున్నాడు. సుభానీ ఆ తలను తన మోకాలికి ఆనించుకున్నాడు. "కళ్ళు తెరవమాకు, మండుద్ది," అంటూ చొక్కా విప్పి తుడిచాడు. నుదురు తుడిచాడు. చెంపలు తుడిచాడు. పెదవి పైన పొడి పోయి, మీసం బయటపడింది.

సుభానీ చెయ్యి ఆగిపోయింది.

ఆ కుర్రాడికి కళ్ళింకా మండుతూనే ఉన్నాయి. చొక్కాలో పొడి అంటనిచోటు వెతికి, సుభానీ మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.