గీత మీద కట్టిన గట్టు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనకు తెలియనిదేదీ లోకంలో లేదనిపించే కాలం ఒకటుంటుంది. నాకు ఆ కాలం తిరుపతిలో ఓ ఇంజనీరింగ్ ఆఫీసులో, ప్లాన్లు గీసే బల్ల ముందు గడిచింది. ఆ రోజుల్లో జేబులో స్కేలు లేనిదే గడప దాటేవాణ్ణి కాదు. హోటల్లో దోసె వచ్చినా ముందు మనసులో కొలిచి, తర్వాత తుంచేవాణ్ణి. అంతటివాణ్ణి సొంత వంటింట్లో ఒకే ఒక్క గట్టు కట్టించి, అదీ తప్పుగా కట్టించానంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. సగం దాకా నేనూ నవ్వగలను.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. నేలమీది పొయ్యి ముందు కూర్చుని వండీ వండీ, చివరికి లేవాలంటే గోడ పట్టుకుని "గోవిందా" అనుకుంటూ లేచేది. కింద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నిలబడి వండుకునేలా గట్టు కట్టిస్తానని మా నాయన (బడిపంతులు గనక ఏ పనైనా వేసవి సెలవుల్లోనే) ఏటా అనేవారు. ఒక ఏడు వేసవి సెలవులు రాకముందే ఆయన పోయారు. ఆయన భోంచేసే పనసచెక్క పీటను అమ్మ కడిగి వంటింటి గోడకు ఆనించింది. తర్వాత దానిమీద ఎవరూ కూర్చోలేదు. ఏడాది తిరిగాక, నాయన మాట నేను నిలబెట్టాలనుకున్నాను.

చిక్కల్లా మడితో వచ్చింది. గట్టు అమ్మ నడుమెత్తు ఉండాలి, అదీ వంట చేసే చోటే కొలవాలి అని నా ఆఫీసు తెలివి. వంటింట్లో ఉన్నంతసేపూ అమ్మ మడిలో ఉంటుంది. పెరుమాళ్లకు ఆరగింపు అయ్యేదాకా నేనే కాదు, నా టేపు కూడా ఆమెను తాకకూడదు. (మడి విడిచాక కొలవొచ్చు కదా అని మీకు తట్టింది. నాకు తట్టలేదు.) అందుకని గడప ఇవతల నిలబడి, నీ నడుమెత్తున గోడమీద గీత గీయమన్నాను. అమ్మ బొగ్గుముక్కతో గీసింది.

మేస్త్రీది తమిళనాడు అంచునున్న నగరి. ఏం చెప్పినా "సరి సామీ" అనేవాడు గనక ఆయన పేరే సరిసామి అయిపోయింది. గీతకు వెంట్రుకవాసి తేడా రాకూడదని హెచ్చరించాను. సరి సామీ అన్నాడు. ఎలాగూ పని పెట్టుకున్నాం కదా అని, నేల కూడా బాగుచేయమన్నాను. దానికీ సరి సామీ అన్నాడు. ఏళ్లతరబడి అలికి అలికి పొరలు కట్టిన మట్టినేల అది. ఆ మట్టంతా తవ్వి, పక్కగదికి సమంగా బండలు పరిచాడు. నేల బెత్తెడు దిగింది. గీత మాత్రం గోడమీద ఉన్నచోటే ఉంది. గట్టు ఆ గీతకే కట్టాడు. (దానిపైన కిరసనాయిలు స్టవ్వు, స్టవ్వుమీద గిన్నె ఉంటాయన్నది కూడా నా లెక్కలో లేదు.)

ఎట్లా ఉందమ్మా అంటే, బాగుండాదిరా అంది. నేను నమ్మి, ఆఫీసువాళ్లను పిలుచుకొచ్చి మరీ చూపించాను. మడి పేరు చెప్పి అమ్మ తలుపు దగ్గరగా వేసుకుని వండేది. మూడు నెలల తర్వాత ఒకరోజు, క్యాంపుకు బస్సు వేళవుతోందని వంట కాకముందే తలుపు తోశాను. స్టవ్వు నేలమీద ఉంది. కొత్త బండలమీద కూర్చుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, అమ్మ చారు పోపు పెడుతోంది. వంటయ్యాక ఆ స్టవ్వును ఎత్తి గట్టుమీద పెట్టేదట, నేను చూస్తానని.

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీ నాయన చేస్తాననింది నువ్వు చేసినావు. అది బాగలేదని యా నోటితో చెప్పేదిరా?"

నాకు ఏడుపొచ్చింది. బస్సు పోయింది. పగలగొట్టి మళ్లీ కట్టిస్తానన్నాను, ఒప్పుకోలేదు. పోనీ ఎత్తుకు స్టూలు చేయిస్తానన్నాను. అమ్మ గోడకు ఆనించిన పీటవైపు చూసింది.

"ఈ వంటిల్లు చూడకనే పోయినారు. ఆయన్ని ఈడ ఉండనీ."

నాయన పీట తెచ్చి గట్టు ముందు వేసింది. వంగి, రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుంది. "ఏమనుకోవద్దండీ" అని దానిమీదికెక్కి నిలబడింది. నేల ఎంత దిగిందో పీట సరిగ్గా అంత ఎత్తు. బతికినంతకాలం పొద్దున్నే ఆ మాట చెప్పి గానీ అమ్మ స్టవ్వు వెలిగించలేదు.

ఇప్పుడు అమ్మా లేదు. మా ఆవిడ పొడగరి కావడంతో గట్టు ఆమెకు కొలిచి కట్టినట్టే ఉంటుంది. వచ్చినవాళ్లు నా పనితనం మెచ్చుకుంటే, సిగ్గులేకుండా తలూపుతాను. పై అరలో డబ్బాలు అందుకోవడానికి ఆ పీట ఎక్కాల్సింది మాత్రం పొట్టివాణ్ణయిన నేనే. నా మోకాళ్లూ ఇప్పుడు గోవిందా అంటున్నాయి. అయినా వంగి, పీటను తాకి కళ్లకద్దుకుని, ఏమనుకోవద్దని చెప్పే ఎక్కుతాను. అమ్మ ఒక్కరికి చెప్పుకుంటే సరిపోయేది. నేను ఇద్దరికి చెప్పుకోవాలి.