కోసిన చివర

దిండిగల్ నుంచి మదురై పోయే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒక కలబంద మట్టను, కోసిన చివర కిందికి ఉండేలా, స్టీలు గ్లాసులో నిలబెట్టి పట్టుకుంది. పసుపు రసం బొట్టుబొట్టుగా గ్లాసులోకి దిగుతోంది. ఫోనులో నా తెలుగు విని ఆమె ముఖం విప్పారింది.

"మనవాళ్ళేనా కన్ను? ఏం పని చేస్తావు?" తమిళ ముద్దుపిలుపులు కలిసిన తెలుగులో అడిగింది.

కోయంబత్తూరులో ఒక మందుల ల్యాబులో పని అనీ, కలబందనే పరీక్షిస్తాననీ చెప్పాను.

"అట్లయితే చెప్పు తాయీ. ఈ మంజ నీళ్ళు కారిపోవాలని మా అవ్వ చెప్పె. ఎందుకో చెప్పలే."

ఇక నేను ఆగలేదు. ఆ పసుపులో ఉండేది అలోయిన్ అనీ, మలబద్ధకానికి అదే అసలు మందనీ, మందు పారబోసి ఉత్త జిగురు మిగుల్చుకుంటున్నారనీ పాఠం చెప్పాను.

"చదివినదానివి, నీకు తెలియదా!" అంటూ ఆమె మట్టను తిరగేసి, కోసిన చివరను గుడ్డతో గట్టిగా కట్టేసింది.

వాడిపట్టిలో దిగుతూ అంది: "కడుపుతో ఉండే నా బిడ్డకు ఏడో మాసం కన్ను. రెండు నాళ్ళుగా విరేచనం కాలే. దానికే ఈ మట్ట."

అలోయిన్ పేగులతో పాటు గర్భాశయాన్నీ కదిలించి, నెలలు నిండకముందే నొప్పులు తెప్పించవచ్చు. నేను లేచి అరిచేసరికి బస్సు కదిలింది. కింద ఆమె నవ్వుతూ చెయ్యి ఊపింది.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి పోయి ఉండొచ్చు. పోలేదు.

ఇప్పుడు ఎవరు మందు గురించి అడిగినా ముందు "ఎవరికి?" అంటాను. ఆ ఒక్క మాట అడగడానికి ఆ రోజు నాకు అరగంట పైనే ఉండింది.