అరలు చెప్పిన మనిషి

ఆటోనగర్‌లోని ఆ స్పేర్ పార్టుల కొట్టులో ఏ బేరింగు ఏ అరలో ఉందో గుమాస్తా మల్లికార్జునరావు తల తిప్పకుండానే, గ్రీజు ఇంకిన చూపుడువేలితో చూపించేస్తాడు. ముప్పయ్యేళ్ల అలవాటు. వారం రోజులుగా ఓనరుగారి అమ్మాయి శ్రీదుర్గ నెట్‌లోంచి స్టార్టర్ ప్రాజెక్టు అని ఏదో సగం తయారైన కంప్యూటర్ ప్రోగ్రాము దించుకుని, ఆయన చెబుతున్న అరలన్నీ అందులోకి ఎక్కిస్తోంది. చెప్పేసిన అర వంక మళ్లీ చూడాలంటే ఆయనకెందుకో గుబులు.

ఇవాళ దాన్ని మొదటిసారి నడిపే ముందు, కొత్త పుస్తకానికి పెట్టినట్టే లాప్‌టాప్ అంచున కుంకుమబొట్టు పెట్టాడాయన. పేజీ తెరుచుకుంది. "మొదటి పేరు మీదే రావుగారూ," అంటూ శ్రీదుర్గ స్టాఫ్ లిస్టులో ఆయన పేరు టైపు చేసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చదువుకున్నాడు.

"డిలీట్ కూడా పనిచేస్తోందేమో చూద్దాం," అంది.

పేరు మాయమైంది. "భలే!" అని నవ్వింది.

"మరి నేను చెప్పిన అరలమ్మా?"

"అవెక్కడికీ పోవండీ. అలాగే ఉంటాయి."