కుడి రెప్ప ఒకటి, ఎడమ రెప్ప నాలుగు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఏడిపించడం నాకు సరదా. ఇప్పటికీ ఏడిపిస్తాను. కాబట్టి దీన్ని దయ్యం కథ అని ఎవరైనా అంటే ఊరుకోను.

మద్దిలపాలెంలో ఒక కంటి ఆసుపత్రి మేడ మీద మెడికల్ కోడర్‌గా పనిచేస్తున్నాను. కింద డాక్టర్లు రాసిన జబ్బులను కోడ్‌లలోకి మార్చడం నా పని. కనురెప్ప కురుపుకు ఒక కోడ్ ఉంటుంది. అది ఏ రెప్పో చివరి అంకె చెబుతుంది. కుడి పైరెప్ప అయితే ఒకటి, ఎడమ పైరెప్ప అయితే నాలుగు. మా సూత్రం ఒక్కటే: రాసిందే కోడ్ చెయ్యాలి, సొంత తెలివి చూపించకూడదు.

ఆ రోజు ఉదయం పదకొండింటికి జాలరిపేటలో చేపలమ్మే నూకాలమ్మ కేసు షీటు వచ్చింది. కుడి పైరెప్పలో చీముగడ్డ, కోసి తీయాలి అని రాసి ఉంది. ఒకటి కొట్టాను. తెర మీద నాలుగు పడింది. చెరిపి మళ్లీ ఒకటి కొట్టాను. మళ్లీ నాలుగే.

పక్క సీటు రమణ నవ్వాడు. "ఏలు జారింటాది బావ. ఒకటి మీదే కదా నాలుగుంటాది."

నిజమే, అంకెల మీటల్లో ఒకటికి సరిగ్గా పైనే నాలుగు. ఒకసారి జారిందంటే ఒప్పుకుంటాను. మూడోసారి వాడే వచ్చి ఒకటి కొట్టాడు. వాడి నవ్వు ఆగిపోయింది.

"ఏటి బావ ఇది! మల్లీ నాలుగే వచ్చీసింది."

నాకు భయం కాదు, ఒళ్లు మండింది. కిందికెళ్లి కన్ను చూసొస్తానని లేచాను. "నువ్వు డాక్టర్‌వా? మెట్లు దిగావంటే మెమో ఇస్తాను" అన్నాడు సూపర్‌వైజర్. ఇచ్చుకోమన్నాను.

ఆపరేషన్ గది బయట నూకాలమ్మ కూర్చుని ఉంది. రెండు రెప్పలూ వాచే ఉన్నాయి. కుడి కంటి పైన నర్సు అప్పటికే గుర్తు పెట్టేసింది. చీము ఏ కంట్లో అమ్మా అని అడిగాను.

"ఎడం దాంట్లో బాబూ. కుడిది వొట్టి దురదే. సెప్తే ఎవులు ఇన్నారు?"

డాక్టరుగారిని పిలిచాను. రెప్పలు తిప్పి చూసేసరికి ఆయన ముఖం పాలిపోయింది. ఎదురుగా కూర్చుని పరీక్షించిన కొత్త అసిస్టెంటు, తన కుడిచేతి వైపున్న కన్నును కుడి కన్నని రాసేశాడు. గుర్తు చెరిపి ఎడమ రెప్ప కోశారు.

దిద్దిన షీటుతో మేడెక్కి నాలుగు కొట్టాను. నాలుగే పడింది.

తర్వాత కంప్యూటర్ వాళ్లను పట్టుకుని రికార్డు తీయించాను. మొదటి మూడుసార్లూ నమోదైంది ఒకటి అంకే. మరి ఇద్దరం కళ్లారా చూసిన నాలుగు ఎక్కడిదో ఈరోజుకీ తెలీదు.

మెమో నా దగ్గర భద్రంగా ఉంది. కుడీ ఎడమా ఉన్న ప్రతి షీటుకూ ఇప్పుడు మెట్లు దిగుతున్నాను, సూపర్‌వైజర్ చూస్తుండగానే.

రమణ నా కంప్యూటర్‌కు నిమ్మకాయ కట్టాడు. తీసి పారేశాను. దయ్యాలు లేవు కదా అన్నాను వాడితో. అసలు సంగతి అది కాదు. ఒకవేళ అక్కడేదైనా ఉంటే, దాన్ని తరిమెయ్యడం నాకిష్టం లేదు.