కుక్కకి చక్రాలు సర్దిన సాయంత్రం

మా ఆయన పోయాక కూడా, రోజూ ఆయన్ని దించే స్టాఫ్ బస్సు రావడం మానలేదు. కొండపల్లి థర్మల్ స్టేషన్‌లో డ్యూటీ దిగినవాళ్లని ఎక్కించుకొచ్చి, సాయంత్రం భవానీపురంలో మా సందు మొదట్లో ఆగి వెళ్లిపోయేది. ఆ బ్రేకు చప్పుడు వినగానే మా కుక్క తలుపు దగ్గరికి పరిగెత్తేది. అలవాటు కదా, కొన్నాళ్లకి అదే మరిచిపోతుందిలే అనుకున్నాను.

మరిచిపోలేదు. తలుపు దగ్గర తోకాడించి, ఎవరి పక్కనో నడుస్తున్నట్టు తల పైకెత్తి మెల్లగా లోపలికొచ్చేది. బాత్రూం ముందు ఆగేది. ఒక మనిషి కాళ్లు కడుక్కోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ అక్కడే కూర్చునేది. తర్వాత హాల్లో ఆయన కుర్చీ దాకా వచ్చి పడుకునేది. గడ్డం మాత్రం నేలకి ఆనించేది కాదు. కాస్త ఎత్తులో, ఆయన పాదం ఉండేచోట, మెడ వణికేదాకా అలాగే నిలిపి ఉంచేది. చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించేది.

"ఒరేయ్, లేవరా! ఎవరూ రాలేదిక్కడికి!" అని అరిచేదాన్ని. ఉన్నమాట చెప్పాలంటే భయం కంటే కుళ్లే ఎక్కువ నాకు. ఇన్నేళ్లు వండిపెట్టింది నేను, బట్టలు ఇస్త్రీ చేసింది నేను. కనబడేదేమో కుక్కకా? ఇదేం న్యాయం?

అంతటితో ఆగినా బాగుండేది. అది తిండి మానేసింది. పెరుగన్నం పెట్టాను, గుడ్డు పెట్టాను, కోడికూర ముక్కలు కడిగి పెట్టాను. గిన్నె ముందు బుద్ధిగా కూర్చుని నా మొహం చూసేది తప్ప మూతి పెట్టేది కాదు. పక్కటెముకలు తేలాయి. పశువుల డాక్టరు గారు రక్తం పరీక్ష చేయించి, "జబ్బేం లేదండీ, బెంగ పెట్టుకుంది. ఇలాగే ఉంటే మాత్రం దక్కదండీ" అన్నారు. మా ఆయన పాలసీసాతో పెంచిన ప్రాణి. అది కూడా పోతే ఈ ఇంట్లో ఇంకేం మిగులుతుందని ఆ రోజు రిక్షా స్టాండు దగ్గరే ఏడ్చాను.

అప్పుడే పామర్రు నుంచి మా ఆడపడుచు దిగింది. మా ఆయనకి చెల్లెలు. ఫోన్లో క్లాసులు విని ఎనర్జీ హీలింగ్, అదే ఒంట్లోని శక్తి చక్రాలు చేత్తో సర్దే వైద్యం, నేర్చుకుంది.

"దీనికి చక్రాలు సర్దాలొదినా. మా గేదె పాలు ఎగ్గొడితే దానికీ నేనే చేశాను."

"గేదె ఏమంది?"

"నవ్వు, నవ్వు. చర్చిలో ఇవి ఒప్పుకోరు, పాస్టరు గారికి మాత్రం చెప్పకు, నీకు దణ్ణం పెడతా."

ఆ సాయంత్రం బస్సు వచ్చింది. కుక్క లేచింది. తలుపు, బాత్రూం, కుర్చీ. మా ఆడపడుచు గోడకి ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. అది గడ్డం గాలిలో నిలిపేసరికి "అన్నయ్యా" అని నోరు నొక్కుకుంది. అంతవరకూ నాకు మతిపోయిందేమోనని అనుమానంగా ఉండేది. ఆ మాటతో ఆ అనుమానం తీరింది.

ఆమె కళ్లు తుడుచుకుని కుక్క పక్కన కూర్చుంది. అరచేతులు రుద్దుకుని, తోక మొదలు దగ్గర్నుంచి నడినెత్తి దాకా వెన్ను మీద తాకీ తాకకుండా కదిపింది.

"గుండె దగ్గర చక్రం బాగా బిగుసుకుపోయిందొదినా."

"బిగుసుకోడానికి అదేమన్నా కుళాయా?"

"నువ్వు కాసేపు ఊరుకుంటావా!"

ఆమె చేతులు మళ్లీ వెన్ను మీదుగా వెళ్లాయి. కుక్క ఊపిరి నెమ్మదించింది, గడ్డం నేలకి దిగింది. అంతా అయ్యాక ఆమె చేతులు జోడించి, నోటికొచ్చిన అలవాటుగా, "యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్" అంది.

కుక్క చెవులు నిక్కబొడిచి లేచింది. గిన్నె దగ్గరికి పోయి గబగబా మొత్తం తినేసింది.

"చూశావా! చూశావా వదినా!" అని ఆమె ఎగిరి గంతేసింది. నాకు మాత్రం వేరే సంగతి గుర్తొచ్చింది. ఆయన టిఫిన్ ముందు ప్రార్థన చేసి ఆమెన్ అన్నాకే దాన్ని గిన్నె ముట్టనిచ్చేవారు. కుక్కపిల్లగా ఉన్నప్పుడే నేర్పారు. ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చాక దేవుడి మీద అలిగి నేను ప్రార్థన మానేశాను. ఇంట్లో ఆ మాట అన్నవాళ్లే లేరు. దాన్ని లేపింది ఆమె చేతులో, ఆమెనో, ఇప్పటికీ నాకు తెలియదు.

ఆమె వెళ్లాక రెండూ నేనే చేశాను. దాని వెన్ను మీద చెయ్యి వేసి, "ప్రభువా, నీకూ నాకూ మాటల్లేవు. ఇది కుక్క కోసం. ఆమెన్" అనేదాన్ని. తినేది. ఒళ్లు చేసింది, బొచ్చు నిగనిగలాడింది.

ఒళ్లు చేస్తున్నకొద్దీ ఆ నడక తగ్గుతూ వచ్చింది. మొదట బాత్రూం దగ్గర ఆగడం మానేసింది. తర్వాత తలుపు దాకా వెళ్లి ఒంటరిగా తిరిగొచ్చేది. ఒక సాయంత్రం బస్సు ఆగింది. ఒక చెవి కదిలించి, గడ్డం నేల మీద పరిచి నిద్రపోయింది.

నేనే లేచి తలుపు తీశాను. సందులో క్యారేజీలు పట్టుకుని మనుషులు ఇళ్లకి పోతున్నారు. కుక్క చూసినట్టే నా పక్కకి తలెత్తి చూశాను. ఎవరూ లేరు. స్మశానంలో కూడా అంత ఏడుపు రాలేదు నాకు.

మర్నాడు మా ఆడపడుచు ఫోన్ చేసింది. "ఎలా ఉందొదినా?"

"బాగా తింటోంది. తలుపు దగ్గరికి కూడా పోవట్లేదు."

"ప్రభువుకి స్తోత్రం! సర్దుకుంటాయని నే చెప్పలేదూ?"

"అమ్మాయ్, సర్దినవి మళ్లీ చెదరగొట్టడం కూడా నేర్పారా మీ క్లాసులో?"

వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వసాగింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"లేదొదినా" అంది.