కుడిచేత్తో దీవించిన అమ్మవారు

ఆ కబురు మొదట తెచ్చింది మా చిన్నాడపడుచు. బారిడీహ్‌ పేట బడిలో టీచరు. "వదినా, మంచుదేశం బొమ్మల ప్రదర్శన పెట్టారు. ఇయ్యాలే ఆఖరు, బేగి రా" అని రెక్కపట్టి తీసుకెళ్ళింది.

అక్కడ ఇన్యూట్ అనే మంచుదేశపు జాతి ముసలమ్మ ఒకామె కథ గోడమీద రాసి ఉంటే తను చదివి చెప్పింది. ఆమెకు బడి లేదు. వేట డేరాల్లో పెరిగింది. తోళ్ళు కుట్టిన చేతులతోనే నడివయసులో పెన్సిలు పట్టింది. వాళ్ళ ఊరి ఆడవాళ్ళలో అచ్చుబొమ్మలకు దారివేసింది ఆమే. అచ్చంటే, రాతిమీద గీసిన బొమ్మ చుట్టూ చెక్కేసి, మిగిలిన ఎత్తుకు సిరా రాసి, పల్చటి కాగితం పరిచి చేత్తో రుద్దడం. పిల్లను వీపున మోస్తున్న తల్లి బొమ్మకు దణ్ణం పెట్టుకున్నాను. నేనూ బడికి వెళ్ళలేదు, నా అక్షరాలు ఇంట్లో నాన్న దిద్దించినవే.

ఆ ఊపులో, అమ్మవారి పండక్కి ఇంటింటికీ నేనే బొమ్మ అచ్చేసి ఇస్తానని కాలనీలో మాటిచ్చేశాను.

"కేలెండర్లు దొరకవేటి?" అని నవ్వారు.

బొమ్మను ముందు కాగితం మీద గీసుకుని, వంటగట్టు వేయగా మిగిలిన నాపరాయి మీదికి దించాను. చెక్కడానికి, సన్నికళ్ళకు గాట్లుపెట్టే బాగ్‌బేరా పేట ముసలమ్మను పిలిచాను.

"దీనిమీద మసాలా నూరతావేటమ్మా?"

"అమ్మోరు, పిన్నీ."

ఆమె చెప్పులు విప్పి కూర్చుని ఉలి అందుకుంది.

తొలి అచ్చు తీయగానే అత్తగారు కెవ్వుమన్నారు. "ఏటే ఇది, అమ్మోరు ఎడం సేత్తో దీవిత్తన్నాదేటి?"

అచ్చులో కుడిఎడమలు మారతాయని నాకు తట్టనే లేదు. పండగ నాలుగురోజుల్లో ఉంది. ఆ బొమ్మను ఎవరు పూజలో పెట్టుకుంటారు? ఏడుపొచ్చేసింది.

"ఊరుకోయే. రాయికి రెండో మొకం నేదా? పలటాయించు, తిరగెయ్!" అంది పిన్ని.

వెనకవైపు గరుకుగా ఉంటే తనే అరగదీసింది. నేను మొదట గీసుకున్న కాగితాన్ని కిటికీ అద్దానికి తిరగేసి ఆనించి, అలా తిరగబడ్డ బొమ్మను చూసి రాతిమీద మళ్ళీ గీశాను. పిన్ని మూడురోజులు వేరే వీధి తొక్కకుండా మా ఇంటికే వచ్చి చెక్కింది.

పండగ ముందురోజు కాగితం లేపితే, కుడిచెయ్యి ఎత్తి నిండుగా నవ్వుతోంది అమ్మవారు! అత్తగారే మొదటి హారతిచ్చారు. నవ్వినవాళ్ళే "మాకోటి, మాకోటి" అంటూ గుమ్మంలో నిలబడ్డారు. ఒక్క ఇల్లూ తప్పలేదు. అంతా తల్లి దయ.

అందరూ నన్నే మెచ్చుకున్నారు. పిన్ని పండక్కి రాలేదు, పనికి వెళ్ళింది. ఆ బొమ్మ మీ ఇంట్లో ఉన్నా లేకపోయినా, ఈ నాలుగు ముక్కలు చదివినవాళ్ళు దీపం పెట్టేటప్పుడు ఆ ఉలిచేతుల ముసలమ్మను ఒక్కసారి తలచుకోండి.