అంటించని నోటీసు

రైలు గేటు పడి బస్సు ఆగిపోయిన చోట ఆమె ఎక్కింది, ఒక కిటికీని చంకన పెట్టుకుని. చంకన అన్నది మాటవరసకే. ఆ కిటికీ ఆమెకన్నా జానెడే పొట్టి. పాత కొయ్య చట్రం, నాలుగు ఇనప చువ్వలు, ఒకవైపు రెక్క లేదు. దానికీ టికెట్టు కొట్టాలా అని కండక్టరు ఆలోచిస్తుండగానే వచ్చి సీట్లో కూలబడి, పక్కనున్న ముసలాయనతో, "బాబాయ్, కాస్త ఆ కొస నీ ఒళ్లో పెట్టుకుంటావా? నా మోకాలు కోసుకుపోతోంది" అంది.

ఆయన పెట్టుకున్నాడు. ప్రయాణాల్లో ఎవరి బరువు ఎవరి ఒళ్లోకి వస్తుందో ముందుగా చెప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆయన్ని ఊళ్లో జిగురు మామయ్య అంటారు. పురపాలక ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లుగా నోటీసులు అంటించే ఉద్యోగం. మైదా పిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి ఆయన చేసే జిగురుకి గోడ రాలినా కాగితం రాలదని పేరు. ఒకసారి ఒక మేక ఆయన అంటించిన నోటీసు తినబోయి మూతి అంటుకుని నిలబడిపోయిందని ఆఫీసులో చెప్పుకుంటారు. అబద్ధమే. కానీ ఇలాంటి అబద్ధం పుట్టాలన్నా మనిషిలో కాస్త పనితనం ఉండాలి.

ఆమె ఇస్త్రీ పని చేస్తుందట. ఎక్కడో పాత మేడ పడగొడుతుంటే మేస్త్రీని బతిమాలి ఈ కిటికీ తెచ్చుకుందట. పదకొండేళ్లుగా కిటికీ లేని గదిలో ఇస్త్రీ చేసి చేసి తన ముఖం కూడా బొగ్గుల పెట్టెలా అయిందని నవ్వింది. "నీ దగ్గర పిండి వాసనొస్తోంది బాబాయ్, వంటవాడివా?" అని అడిగింది. అలాంటిదే అన్నాడాయన. కిటికీ ఏ ఊరు ప్రయాణమని తనూ వేళాకోళమాడాడు.

"ఎంతో దూరం కాదు. ఇటుకబట్టీ వరస."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి ఒళ్లోని సంచి మీదికి పోయింది.

సంచిలో ఏముందో చెప్పాలంటే చట్టం సంగతి కాస్త చెప్పాలి. ప్రతి ఊరూ కొన్నేళ్లకోసారి ఇళ్ల ప్రణాళిక రాసుకోవాలి: ఇల్లు లేనివాళ్లు ఎందరు, వాళ్లకి ఎన్ని కట్టాలి, ఎక్కడ కట్టాలి. ఆ ‘ఎక్కడ’ అన్నదగ్గరే చట్టం కాస్త ఆగి చుట్టూ చూస్తుంది. ఎంచిన ప్రతి స్థలంలోనూ నోటీసు అంటించాలి, ముప్ఫై రోజులు గడువివ్వాలి, అభ్యంతరం చెప్పినవాళ్లని పిలిచి వినాలి, విన్నదానికి జవాబు రాయాలి. అంటించినట్టు రుజువు ఒక పంచనామా కాగితం. దానికి రెండు సగాలు. అంటించిన రోజున పై సగంలోనూ, కాగితం చెక్కుచెదరకుండా ఉందని ముప్ఫయ్యో రోజున కింది సగంలోనూ ఆ చోట కాపురముండే ఇద్దరు సంతకాలు పెట్టాలి. రాజుల కాలంలో దండోరా వేసేవాడు డప్పు కొడితే చాలు, వినకపోవడం జనం తప్పు. ఇప్పుడు వినిపించకపోవడం దొరతనం తప్పు. మనుషులు ఇంత దూరం నడవడానికి ఎన్ని వందల ఏళ్లు పట్టిందో!

అంత దూరమూ నడిచొచ్చిన చట్టం టీకొట్టు దగ్గర ఆగిపోయింది.

నోటీసులవాళ్ల అలవాటు ఒకటుంది. సాక్షుల కోసం ఎండలో ఇల్లిల్లూ తిరగలేక, దారిలో టీకొట్టాయనా సైకిలు షాపాయనా ఉంటే వాళ్లచేతే సంతకాలు పెట్టించేస్తారు. నోటీసు అంటిస్తే చాలు, సంతకం ఎవరిదైతేనేం అన్నది వాళ్ల ధర్మం. కిందటి నెల బట్టీ వరసకి బయల్దేరిన రోజున వాన పడింది. చీలమండల దాకా బురద, మోకాలు నొప్పి. టీకొట్టు దగ్గర సంతకాలు ముందే అయిపోయాయి కదా, రేపు అంటిద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు. ఈ పొద్దున కింది సగానికి కూడా అదే టీకొట్టులో సంతకాలు పెట్టించుకుని బస్సెక్కాడు. మడత విప్పని నోటీసు సంచి అడుగునే ఉంది. అక్కడెవరుంటారులే, బట్టీ మూతపడిందిగా, మ్యాపులో కూడా ఖాళీ స్థలమనే ఉంది అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడా ఖాళీ స్థలం కిటికీ పట్టుకుని పక్కన కూర్చుంది.

"మీ దగ్గర ఎన్నిళ్లున్నాయమ్మా?"

"ముప్ఫై ఎనిమిది. బట్టీ ఆగిపోయినా మేం ఆగిపోలేదుగా."

"ఈ మధ్య ఆఫీసు కాగితం ఏమన్నా వచ్చిందా?"

"మాకా!" అని నవ్వింది. ఇళ్లకి నెంబర్లు ఇస్తామని ఎవరో ఎప్పుడో అన్నారట. ఆ కాగితమే అయితే ఆయన నోట్లో చక్కెర పోస్తానంది. ఆయనకి నోట్లో చేదు ఊరింది. వంతెన దగ్గర ఆమె దిగుతుంటే కిటికీ కిందికి అందించాడు. కిటికీ ఉన్న ఇల్లు మాదే, ఎప్పుడైనా రా బాబాయ్ అని వెళ్లిపోయింది.

ఆఫీసులో ప్లానింగు ఆఫీసరమ్మ ఆయన కోసమే కాచుకుని ఉంది. కూతురి ఈడుది, పని మీద ప్రాణం పెట్టే మనిషి. పదిహేడు స్థలాల్లో పదహారు పంచనామాలు ఫైల్లో చేరాయి. సాయంత్రం అయిదింటికల్లా ఫైలు పైకి వెళ్లకపోతే ఈ విడత ఇళ్లు ఊరికి రావు. బట్టీ స్థలంలో మూడు వందల ఇళ్లు వస్తాయి. వాటికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు రోజూ ఆ గది ముందు బల్ల మీదే కూర్చుంటారు. లోపలికొస్తూ ఆయన వాళ్ల కాళ్లు దాటుకునే వచ్చాడు. నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఈ నాలుగు నెలలూ నోరు కుట్టేసుకోమని భార్య రోజూ అన్నంతోపాటు వడ్డిస్తున్న మాట.

పంచనామా బల్ల మీద పెట్టాడు. ఆమె ముద్ర ఎత్తింది. ఆయన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది అంటించలేదు మేడమ్."

"మరి ఈ సంతకాలు?"

"టీకొట్టాయనవీ, సైకిలు షాపాయనవీ. వాళ్లక్కడ ఉండరు."

ఆమె ముద్రని పక్కన పెట్టి, తలుపువైపోసారి చూసి గొంతు తగ్గించింది. "పెద్దాయనా, మీరన్నది నాకు వినపడలేదు. కిందికెళ్లి టీ తాగి రండి. వచ్చాక మళ్లీ అడుగుతాను."

మంచితనంతోనే అంది. ఆయన తలుపుదాకా వెళ్లాడు కూడా. బయట బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఒకతను, ఈ విడతలో వస్తాయా మామయ్యా అని అడిగాడు. ఆయన వెనక్కి తిరిగి, సంచిలోంచి నోటీసు తీసి మడతలు విప్పి ఆమె ముందు పరిచాడు.

"ముప్ఫై ఎనిమిది ఇళ్లున్నాయి మేడమ్ అక్కడ."

"మ్యాపులో ఖాళీ అని ఉంది."

"మ్యాపు బట్టీ కాలుతున్నప్పటిది. ఈ పొద్దునే అక్కడికొక కిటికీ కూడా వెళ్లింది."

ఆమె ముద్రని సొరుగులో పెట్టేసింది. తర్వాత తెల్లకాగితం జరిపి, చెప్పింది చెప్పినట్టు రాసివ్వమంది. సస్పెన్షన్ తప్పదనీ, గడువు పెంచమని తను రాస్తాననీ, పెంచుతారన్న ఆశ మాత్రం లేదనీ చెప్పింది. ఇల్లు లేనివాళ్లకి ఇళ్లు కట్టబోయి ఉన్నవాళ్ల ఇళ్లు పీకే పని కొండనాలుకకి మందేసినట్టే; కానీ ఆ మందు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు తలుపవతలే ఉన్నారు. ఆయన రాసి సంతకం పెట్టాడు. నోటీసు మీది తేదీ కొట్టేసి ఆమె ఆ రోజు తేదీ వేసింది. రేపటినుంచి ఇంకొకర్ని చూసుకుంటానుగాని, ఇదొక్కటీ మీరే అంటించండి అంది.

పొద్దు వాలేవేళకి జిగురు బకెట్టుతో బట్టీ వరస చేరాడు. కిటికీ అప్పటికే గోడలో కూర్చుంది. చుట్టూ మట్టి ఇంకా తడిగా ఉంది. దాని పక్కనే కుంచె రాసి కాగితం పరిచి, మధ్యనుంచి అంచులకి అరచేత్తో దువ్వాడు. ఒక్క బుడగ కూడా మిగల్లేదు. వరసంతా వచ్చి మూగింది. ఇస్త్రీ ఆమె నెంబర్ల కాగితమే అనుకుని నవ్వుకుంటూ వచ్చి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. మూడో పంక్తి దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇక్కడ ఖాళీ స్థలం అని రాశారేంటి?"

ముప్ఫై రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వాలనీ, ఇంటింటికీ వేరేగా రాయాలనీ, పిలిచి వినేదాకా వదలొద్దనీ చెప్పాడు. ఇద్దరు సంతకాలు కావాలని కొత్త పంచనామా చాపాడు. మొదటి సంతకం ఆమే పెట్టింది. కలం తిరిగిస్తూ, ఆయన ముఖంలోకి చూసి, "పొద్దున నా కిటికీ ఒళ్లో పెట్టుకున్నప్పుడే నీకు తెలుసా బాబాయ్?" అని అడిగింది.

ఆయన పక్కింటివాడి చేత రెండో సంతకం పెట్టించి, అది ఆరేదాకా ఊది, కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. బకెట్టు అందుకున్నాడు. ఆమె ఇంకోసారి, ఈసారి గట్టిగా, అదే మాట అడుగుతుండగా వంతెనవైపు నడిచిపోయాడు.